అరవై ఐదు నిండేదాకా

మా వియ్యపురాలు మనవరాలిని ఎత్తుకోలేదు. అమెరికా నుంచి అంత దూరం ప్రయాణం చేసి వచ్చి, సింగపూర్‌లోని మా టోవా పాయో ఫ్లాట్‌లో సోఫా మీద కూర్చుని, పక్క గదిలో పసిది గుక్కపట్టి ఏడుస్తున్నా లేవలేదు. "మీరే ఎత్తుకోండి వదినా, మీ చేతికి అలవాటైంది కదా," అంది. నాకు ఒళ్ళు మండింది.

ఆడపిల్ల పుట్టిందని మొహం ముడుచుకుందనుకున్నాను. కూతుర్ని కన్నవాళ్ళ బుర్ర ముందు అటే పోతుంది మరి. ఇన్నేళ్ళు సింగపూర్‌లో ఉన్నా, రైళ్ళెక్కి ఆఫీసులకు పోయి నాలుగు దేశాలవాళ్ళతో పనిచేసి వచ్చినా, వియ్యపురాలి కనుబొమ్మ ఎటు కదిలిందో కనిపెట్టుకుని ఉండే గుణం నాకు పోలేదు. తొలి కాన్పు కాబట్టి అమ్మాయి నా దగ్గరే ఉంది. పథ్యం వండేది నేను. పిల్లను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది నేను. రాత్రిళ్ళు ఊపేదీ నేనే. నాయనమ్మగారు మాత్రం పేరంటానికి వచ్చిన ముత్తయిదువలా కదలకుండా కూర్చుంది.

వాళ్ళది కరీంనగర్ వైపు. చాలా ఏళ్ళ కిందటే అమెరికా వెళ్ళి అక్కడే పౌరులయ్యారు. వాళ్ళబ్బాయి ఉద్యోగం కోసం అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి, ఇక్కడ పెరిగిన మా అమ్మాయిని చేసుకున్నాడు. కాపురం ఈ ఊళ్ళోనే, పుంగ్గోల్‌లో. ఇప్పుడు మనవరాలి బారసాలకని వచ్చిన వియ్యాలవారు కొడుకు ఫ్లాట్‌లో దిగి, రోజూ పొద్దున్నే రైలెక్కి మా ఇంటికి వచ్చి, సాయంత్రం దాకా ఉండేవాళ్ళు. మేము బారసాల అంటాం, వాళ్ళు తొట్టెల అంటారు. పేరుకి తప్ప మిగతా దేనికీ తేడా రాలేదని నేను ఊపిరి పీల్చుకుంటున్న రోజులవి.

ఇక మగవాళ్ళ సంగతి. అమెరికాలో ఎన్నికల వేడి మొదలైంది. మా ఇంట్లో టీవీ పెడితే అదే గోల. అక్కడ అందరికీ ప్రభుత్వమే ఒక్కసారిగా వైద్యం ఇచ్చెయ్యాలా, లేక ఉన్న ఇన్సూరెన్సులనే కొద్దికొద్దిగా బాగుచేసుకుంటూ పోవాలా అని అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి తన్నుకుంటున్నారు. ఆ తన్నులాట మా హాల్లోకి కూడా వచ్చి కూర్చుంది. మా ఆయన అమెరికాలో కాలు పెట్టి ఎరుగడు. అయినా అక్కడి వైద్యం గురించి ఆయనకు తెలియని విషయం లేదు.

"అందరికీ ఒక్కసారే ఇచ్చేస్తే గొడవ వదులుతుంది కదా బావగారూ," అనేవాడు మా ఆయన. "ఒంట్లో బాగాలేనివాడిని పట్టుకుని నీ వయసెంత, నీ ఉద్యోగమేంటి అని అడగడమేంటండీ? అడగాల్సింది నొప్పెక్కడ అని."

మా వియ్యంకుడు నెమ్మదైన మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటే గాని జవాబు చెప్పడు. "మాట మంచిదే బావగారు. కాని ఉన్న ఇల్లు ఒక్కసారే కూలగొట్టి కొత్తది కడ్తమంటే, కట్టేదాక జనం యాడ ఉంటరు? ఇప్పుడు అరవై ఐదు నిండినోళ్ళకు గవర్నమెంటు ఇస్తున్నది. రేపు దాన్ని అరవైకి దించుతరు. తర్వాత యాభై ఐదు. గట్ల మెల్లగ మెల్లగ అయితది."

"అరవైకి దించితే, యాభై తొమ్మిదివాడు ఏం పాపం చేశాడు?"

"ఒక్కసారే ఇస్తమన్నోళ్ళు ఇన్నేండ్లల్ల ఎవరికన్న ఏమన్న ఇచ్చిండ్రా?"

అక్కడితో ఆగేవాళ్ళా, సింగపూర్‌ని పట్టుకునేవాళ్ళు. ఇక్కడ చూడండి, గవర్నమెంటు పాలీక్లినిక్‌కి వెళ్తే ఎవరినైనా చూస్తారు అని మా ఆయన. ఇక్కడ మాత్రం ఒక్కరోజుల అయిందా, జీతంల కొంత పక్కకు పెట్టించి ఒక్కొక్క మెట్టు కట్టుకుంట వచ్చిండ్రు అని వియ్యంకుడు. ఒకే ఊరిని చెరో కొసన పట్టుకుని లాగేవాళ్ళు. వియ్యంకులు కదా, గొంతు పెంచకూడదు. మాట మాటకీ 'గారు' తగిలిస్తూ పోట్లాడుకోవడం వల్ల ఆ పోట్లాట మామూలు పోట్లాట కన్నా ఎక్కువ సేపు సాగేది. నాకు చెవిలో జోరీగ దూరినట్టుండేది.

ఆవిడ మాత్రం అటూ మాట్లాడేది కాదు, ఇటూ మాట్లాడేది కాదు. గోడకేసి చూస్తూ కూర్చునేది. నేను కాఫీ కలిపి పక్కనున్న బల్ల మీద పెడితే, దానివంక చూసేది కాదు. కాఫీ చల్లారి మీగడ కట్టేది. నా చేతి కాఫీ కూడా పనికిరాలేదా అనుకున్నాను. కింద లిఫ్ట్ దగ్గర మా బ్లాక్‌లో ఉండే తెలుగావిడ నవ్వుతూ నమస్కారం పెడితే, ఆవిణ్ణి దాటుకుని వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం అమ్మాయి దగ్గర కడుపు మంట వెళ్ళగక్కాను.

"అమ్మా, యూ థింక్ టూ మచ్ లా," అంది అది, పిల్లకు పాలిస్తూ. "అత్తయ్యకి జెట్ లాగ్ అయ్యుంటుంది."

"వారం దాటాక కూడా జెట్ లాగేనా? ఆవిడకి బెట్టు. పుట్టింది ఆడపిల్ల, అదీ సంగతి."

"అత్తయ్య అలాంటిది కాదమ్మా. ఇరవై ఏళ్ళు డేకేర్‌లో పనిచేసింది. ఊళ్ళో పిల్లలందరినీ ఎత్తుకుంది."

ఆ మాటతో నా కోపం తగ్గాల్సింది పోయి రెట్టింపయింది. ఊళ్ళో పిల్లలందరినీ ఎత్తుకున్న మనిషికి సొంత మనవరాలు బరువైందా?

మర్నాడు పిల్లకు నీళ్ళు పోశాక, సాంబ్రాణి పొగ వేసి, మెత్తటి గుడ్డలో చుట్టి బయటికి తెచ్చాను. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మగవాళ్ళిద్దరూ హాల్లో టీవీ ముందు అప్పటికే మొదలుపెట్టేశారు. నాకున్నది ముక్కు మీద కోపం. ఇక లాభం లేదనుకుని, పిల్లను ఆవిడ చేతుల్లో పెట్టబోయాను.

"ఒక్కసారి పట్టుకోండి వదినగారూ. మీ వంశం పిల్లే కదా, కరవదు."

ఆవిడ గబుక్కున వెనక్కి తగ్గింది. తగ్గడంలో ఎడమ భుజం గుమ్మానికి గట్టిగా కొట్టుకుంది. అక్కడ గుమ్మం ఉందని ఆవిడకు తెలియనే తెలియదన్నట్టు కొట్టుకుంది. జాకెట్టు చేతి కింద పాత కమిలిన మచ్చలు కనిపించాయి, ఒకటి కాదు. ఆవిడ నా వైపు చూడటానికి మొహం మొత్తం తిప్పింది, కోడి గింజను చూసినట్టు. అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ ఇన్నాళ్ళూ కాఫీని చూడకపోవడం కాదు, కాఫీ ఆవిడకు కనిపించకపోవడమని.

"పిల్లను దూరం పెట్టుకోండి వదినా," అంది, ఆయాసపడుతూ. "నేను గిట్ల దేనికన్న తగిలి పడేస్తే నాకు బతుకున్నదా?"

అమ్మాయికి పిల్లనిచ్చి వచ్చి, ఆవిణ్ణి వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టాను. మంచినీళ్ళిచ్చాను, ఈసారి చేతిలో పెట్టి. ఆవిడ మెల్లగా చెప్పింది. నీటికాసులు. గ్లకోమా అంటారే, అది. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు పక్కల నుంచి పోతూ వస్తుంది. నొప్పి ఉండదు, ఎర్రబడదు, పక్కవాళ్ళకు తెలియదు.

"ఎదురుంగ ఉన్నది మంచిగనే కనిపిస్తది. ఎడమ పక్క ఏం లేదు. కుడి పక్క గూడ అంచులు పోయినయ్. లిఫ్ట్ కాడ ఎవరో దండం పెట్టిండ్రని మీ అమ్మాయి చెప్తే తెల్సింది నాకు. మీరు ఏమనుకున్నరో ఏమో."

"మరి మందులు?"

"చుక్కలున్నయ్. రోజూ వెయ్యాలె. నేను రోజు విడిచి రోజు వేస్తున్న."

ఎందుకని అడిగితే అసలు సంగతి బయటపడింది. అక్కడ ఇన్సూరెన్సు ఉద్యోగంతో వస్తుందట. ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇద్దరికీ ఉంది. అరవై ఐదు దాటగానే ఆయనకు ప్రభుత్వం ఇచ్చేది వచ్చింది, ఆయన ఉద్యోగం మానేశాడు. ఆయన ఉద్యోగంతో పాటే ఈవిడ ఇన్సూరెన్సు పోయింది. ఈవిడ ఆయన కన్నా చిన్నది. బయట ఒకటి కొన్నారు, కానీ ఏటా పెద్ద మొత్తం మనం ముందు సొంతంగా పెట్టుకుంటే గాని అది కదలదట. పరీక్ష చేయించుకోమని డాక్టర్ అన్నప్పుడల్లా, ఇంకొన్ని నెలలే కదా, నాకూ అరవై ఐదు నిండుతాయి, అప్పుడు చేయించుకుంటానని వాయిదా వేసుకుంటూ వచ్చింది. చుక్కల సీసా కూడా ఆ రోజు దాకా సాగేలా పొదుపు చేస్తోంది. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకునే ఇద్దరిలో ఒకరికి వైద్యం ఉంది, ఒకరికి లేదు.

"ఆయనకు తెలుసా?"

"ప్రెషర్ ఉన్నదని తెలుసు. ఇంత పోయిందని తెల్వదు. చెప్తే ఇల్లు అమ్ముతనంటడు. మీరు చెప్పకండి వదినా."

హాల్లోంచి మా వియ్యంకుడి గొంతు స్పష్టంగా వినబడుతోంది. తొందరపడితే ఉన్నది పోతది బావగారు, మెల్లగ అయితేనే నిలబడ్తది అంటున్నాడు. ఆవిడ ఆ మాట విని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

"మెల్లగ మెల్లగ అంటడు. నా కండ్లు గూడ మెల్లగనే పోతున్నయ్. మీ ఆయన అందరికీ ఒక్కసారే అంటడు. అది ఎప్పుడొస్తదో దేవునికి తెల్వాలె. ఇద్దరూ మంచి మాటలే చెప్తున్నరు వదినా. ఎవరి మాట గెల్సినా, దానికన్న ముందు నా పుట్టినరోజే వస్తది. అందుకే దానికోసమే కూసున్న."

చెప్పొద్దంది. నా నోరు ఆగితే కదా. ఎవరి మీదో తెలియని కోపం ఒకటి అరికాలి నుంచి లేచింది. ప్రభుత్వం మీదా, వయసుకో గీత గీసినవాడి మీదా, చుక్కలు పొదుపు చేసిన ఈవిడ మీదా, దేని మీదో. విసవిసా హాల్లోకి వెళ్ళి టీవీ కట్టేశాను. వియ్యంకుడి ఎదుట అలా చెయ్యకూడదు. మా ఆయన బిత్తరపోయి చూశాడు.

"అన్నయ్యగారూ, మీరు మా వదినగారికి ఎడమ పక్కన నిలబడి చెయ్యి ఎత్తండి," అన్నాను.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఆవిడ అప్పటికే నా వెనకాల వచ్చి గుమ్మంలో నిలబడింది, ఎదురుగా కిటికీ వైపు చూస్తూ. ఆయన లేచి వెళ్ళి పక్కన నిలబడి, చెయ్యి పైకెత్తి వేళ్ళు ఆడించాడు.

"ఇది కనిపిస్తున్నదా?" అని అడిగాడు.

"ఏది?" అంది ఆవిడ.

ఆయన చెయ్యి దించలేదు. అలాగే ఆడిస్తూ ఉన్నాడు, ఇంకాసేపు ఆడిస్తే కనిపిస్తుందేమోనని. తర్వాత భార్య భుజం పట్టుకుని తన వైపు తిప్పుకుని, మొహంలో మొహం పెట్టి చూశాడు. ఆ ఇద్దరినీ అలా వదిలేసి మేము వంటింట్లోకి వెళ్ళిపోయాం. మా ఆయన సింక్ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఇక్కడే డాక్టర్‌కి చూపిద్దామంటే ఆవిడ ససేమిరా అంది. వియ్యాలవారింటికి వచ్చి రోగం చెప్పుకోవడమే చిన్నతనం, పైగా వాళ్ళ చేత ఖర్చు పెట్టిస్తానా, వెళ్ళాక చూసుకుంటాను, ఎంత, ఇంకో ఏడెనిమిది నెలలు, అని ఒకటే పాట. కొడుకు చెప్పాడు, కోడలు చెప్పింది, వినలేదు. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. బారసాలకు మగపెళ్ళివారికి మేము బట్టలు పెట్టాలి. పెట్టిన బట్టలు కాదంటే పెట్టినవాళ్ళను అవమానించినట్టు. ఆ సంగతి ఆవిడకు నాకన్నా బాగా తెలుసు.

"వదినగారూ, ఈసారి మీకు చీర పెట్టడంలేదు," అన్నాను. "దానికి బదులు కళ్ళ డాక్టర్‌కి చూపిస్తున్నాం. అదే మా మర్యాద. కాదంటారా, మీ ఇష్టం. పెట్టింది తోసిపుచ్చారని నలుగురిలో చెప్పుకుంటాను."

"గిదేం బెదిరింపు వదినా?" అంది.

"బెదిరింపే."

ఆవిడ నా వైపు మొహం తిప్పి, "అయితే చీర గూడ పెట్టాలె మరి," అంది. అన్ని రోజుల్లో మొదటిసారి ఇద్దరం కలిసి నవ్వుకున్నాం.

మా ఆయన మొదట తాను షుగర్‌కి వెళ్ళే పాలీక్లినిక్‌కే అందరినీ తీసుకెళ్ళాడు. ఇక్కడ ఎవరినైనా చూస్తారని ఎన్ని సాయంత్రాలు చెప్పాడు మరి, నిరూపించొద్దూ. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నెమ్మదస్తురాలు. ఐసీ, అంటే ఇక్కడివాళ్ళ గుర్తింపు కార్డు, చూపించమంది. పాస్‌పోర్ట్ ఇచ్చాం. "విజిటరా అంకుల్? అయితే ఫుల్ రేట్. కళ్ళ స్పెషలిస్ట్‌కి ఇక్కడి నుంచి పంపిస్తే లేట్ అవుతుంది, ప్రైవేట్ ఫాస్టర్," అని దారి కూడా చెప్పింది. ఆ పిల్ల తప్పేం లేదు. మా ఆయన పాస్‌పోర్ట్ వెనక్కి తీసుకుని లిఫ్ట్ వైపు నడిచాడు. అందరికీ అనుకున్న చోట కూడా ఒక గీత ఉంది. మేము దానికి లోపల ఉండబట్టి ఇన్నాళ్ళూ అది మా కంటపడలేదు. వియ్యంకుడు ఒక్క మాట ఎత్తిపొడవలేదు. మా ఆయన భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

ప్రైవేట్ క్లినిక్‌లో డాక్టరమ్మ చాలాసేపు పరీక్షలు చేసింది. గుండ్రటి తెర ముందు కూర్చోబెట్టి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమంది. బయట కూర్చున్న మాకు ఆ మీట చప్పుడు వినబడుతోంది. మొదట్లో టకటకా వినబడింది. తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. లోపల చుక్కలు వెలుగుతూనే ఉంటాయి కదా అనుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. వియ్యంకుడు తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

పోయిన చూపు తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. లేజర్ చేసి, చుక్కలు మానకుండా వేసుకుంటే మిగిలింది నిలుస్తుందంది. ఆయన ఒకే ప్రశ్న అడిగాడు, అంతకు ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదని. చూపు ఇంకొంచెం మిగిలేది అంది డాక్టరమ్మ. డాక్టర్లు అబద్ధం చెప్పే సందర్భాలుంటాయి, ఆవిడ చెప్పలేదు.

లేజర్ అమెరికా వెళ్ళాక, అరవై ఐదు నిండి గవర్నమెంటు కార్డు వచ్చాక చేయించుకుంటానని మా వియ్యపురాలు మళ్ళీ మొదలుపెట్టింది. "వద్దు," అన్నాడాయన. "ఈడ్నే. ఈ వారంలనే." ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. ఆ ఖర్చు మాత్రం మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు.

కింద బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఎవరూ అడక్కుండానే ఆయన మా ఆయనతో అన్నాడు. "మెల్లగ చెయ్యాలె అన్నది నేను ఇప్పటికి గూడ తప్పనను బావగారు. ఒక్కసారే అంటే అక్కడ కాదు, నాకు తెలుసు. కాని నేను మెట్టు ఎక్కి కూసొని ఆ మాట అన్న. ఆమె కిందనే ఉన్నది, చూడలె." మా ఆయన లేచి వెళ్ళి అందరికీ కోపీ, అదే ఇక్కడి కాఫీ, పట్టుకొచ్చాడు. మా వియ్యపురాలికి కప్పు చేతిలో పెట్టేదాకా వదల్లేదు.

తొట్టెల నాడు ఆవిణ్ణి హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లను ఒళ్ళో పెట్టాను. అటొక వియ్యంకుడు, ఇటొక వియ్యంకుడు కాపలా నిలబడ్డారు, ఆవిడ మోచేయి కదిలితే చాలు చేతులు చాపుతూ. ఫోటోల్లో ఇద్దరూ దొంగల్ని పట్టే పోలీసుల్లా ఉన్నారు. ఆవిడ మనవరాలిని నుదుటి నుంచి గడ్డం దాకా, చెవి నుంచి చెవి దాకా, తల తిప్పుతూ తిప్పుతూ చూసింది. తొట్టెలలో పేరు పిలిచే వేళ దాటుతున్నా ఎవరూ తొందరపెట్టలేదు.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఎన్నికలు కూడా అయిపోయాయి. వయసు అరవైకీ దించలేదు, అందరికీ ఒక్కసారీ ఇవ్వలేదు. మా ఆయన, వియ్యంకుడు ఫోన్‌లో ఇంకా వాదించుకుంటూనే ఉంటారు. కాకపోతే ఇప్పుడు ఒకరి మాట ఒకరు పూర్తిగా విని మరీ వాదించుకుంటున్నారు. పిల్ల బోర్లా పడింది, కూర్చుంది, పాకడం మొదలుపెట్టింది.

ఆవిడన్నట్టే ఆవిడ పుట్టినరోజే ముందొచ్చింది. ఆ రోజు పొద్దున్నే వీడియో కాల్ చేసింది. వాళ్ళు మమ్మల్ని గోడకున్న పెద్ద టీవీలో చూస్తారు. "కార్డు వచ్చింది వదినా," అని చూపించింది. "ఇగ నాకు గూడ వైద్యం ఉన్నది." పక్కన ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చుక్కలు రోజూ వేస్తోందట, లేజర్ చేసినప్పటి నుంచీ చూపు ఇంకేం తగ్గలేదట. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. పాపను చూపించమంది. చాప మీద కూర్చోబెట్టి ఫోన్ ఎదురుగా నిలబెట్టాను. అది ఊరుకుంటుందా, పాక్కుంటూ ఓ పక్కకి జరిగింది.

"పాప యాడికి పోయింది?" అంది ఆవిడ.

పాప ఎక్కడికీ పోలేదు. ఫోన్‌లో నాకు కనిపిస్తూనే ఉంది, ఎడమ మూలన, నాయనమ్మ గొంతు విని నవ్వుతూ. ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. నేను వెళ్ళి పిల్లను ఎత్తుకొచ్చి మధ్యలో కూర్చోబెట్టాను.